పెద్ద చెస్ పోటీలను లైవ్‌లో చూసేటప్పుడు కంప్యూటర్ చూపించే అంకెను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: కందుకూరు లెక్కల మాస్టారు

సభ్యులకు నమస్కారం. నేను లెక్కల ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, కందుకూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా మనవరాలికి పదకొండేళ్లు, రెండేళ్లుగా చెస్ నేర్చుకుంటోంది. నాకు తెలిసింది అరుగు మీద ఆడే చదరంగం కాబట్టి నా నోటికి ఏనుగు, శకటు, మంత్రి అనే మాటలే వస్తాయి. ఆ పిల్ల ప్రతిసారీ రూక్, బిషప్, క్వీన్ అని దిద్దుతుంది. ఇక్కడ నా మాటలే వాడతాను, మన్నించండి.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం గుకేశ్, డింగ్ లిరెన్ ఆడిన పద్నాలుగో గేమును మేమిద్దరం చూశాము. మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం రెండున్నరకు మొదలైన ఆట, పిల్ల బడి నుంచి వచ్చేసరికి నడుమకు చేరింది. నల్ల పావులతో ఆడుతున్న గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువగా ఉన్నా ఆట దాదాపు సమానమేనని, ఎవరిది పైచేయో కంప్యూటర్ లెక్కతో చూపించే తెర పక్కన తెలుపు నలుపు పట్టీ చెబుతూ వచ్చింది. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2 గడిలో పెట్టగానే ఆ పట్టీ ఒక్కసారిగా నల్లబడింది. "తాతా, గుకేశ్ గెలిచేశాడు" అని పిల్ల కేక పెట్టింది. ఎందుకు గెలిచాడని అడిగితే చెప్పలేకపోయింది, నేనూ చెప్పలేకపోయాను. ఏనుగులు రెండూ మారిపోయాక నల్ల శకటు డి5కు వస్తే మూలన ఏ8లో ఉన్న తెల్ల శకటుకు తప్పించుకునే దారి ఉండదని, ఆ రెండు శకటులు కూడా పోయాక మిగిలే బంట్ల ఆటలో ఒక బంటు ఎక్కువ ఉన్నవాడిదే గెలుపని, బోర్డు మీద పావులు పేర్చి చూసుకుంటే గానీ మాకు బోధపడలేదు. మా పెట్టెలో నల్ల శకటు ఒకటి ఏనాడో పోయింది. దాని బదులు దగ్గు మందు సీసా మూత పెట్టుకుని ఆడుకుంటాము. ఆ రోజు మా ఇంట్లో ప్రపంచ విజేతను తేల్చింది ఆ మూతే.

ఆ ఎత్తు పొరపాటని తనకు కూడా వెంటనే తట్టలేదని గుకేశ్ తరువాత చెప్పారు. అంతటి ఆటగాడు ఆగి ఆలోచిస్తే గానీ కనిపించని సంగతి, పట్టీని చూస్తున్న మా పిల్లకు కారణం తెలియకుండానే ముందే తెలిసిపోయింది. అప్పటి నుంచి నన్ను కొన్ని సందేహాలు వదలడం లేదు. ఆ పట్టీతో పాటు కంప్యూటర్ చూపించే అంకె అసలు దేనిని కొలుస్తుంది? +1 అంటే తెల్లవాడికి, -1 అంటే నల్లవాడికి ఒక బంటు ఎక్కువ ఉన్నంత బలమని విన్నాను, అది నిజమేనా? మొన్న ఇంకొక పెద్ద టోర్నమెంటు చూస్తుంటే ఒకే స్థితికి నా ఫోనులో +0.8, మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో +0.3, ప్రసారంలో +0.5 కనిపించాయి. లెక్క అన్నాక జవాబు ఒకటే ఉండాలి కదా! అన్నిటికంటే ముఖ్యం, ఆ అంకెను చూస్తూ ఆట చూడటం నేర్చుకునే పిల్లకు మేలా, కీడా?

ఇంకొక చిన్న విషయం. కొన్ని గేముల చివర రాజు ఉన్నట్టుండి బోర్డు నడుమకు దూకుతాడు, కంప్యూటర్ దానిని ఘోరమైన తప్పుగా చూపిస్తుంది. అదేమిటో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: కావలి ఇంజన్ పిచ్చోడు

మాస్టారూ, నమస్కారం. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో, ఆ అంకెలను లెక్కించే చెస్ ప్రోగ్రాములు, అంటే ఇంజన్లు, లోపల ఎలా పనిచేస్తాయో చూడటం నా వ్యసనం. మూడు తెరలు, మూడు అంకెల సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు కూడా జవాబు అందులోనే ఉంది.

ఉలవపాడు వైపు మామిడి తోటలను పూత మీదనే బేరం చేసే వ్యాపారులను మీరు చూసే ఉంటారు. ఒకాయన గట్టు మీద నిలబడి నాలుగు చెట్లు చూసి ధర చెబుతాడు, ఇంకొకాయన తోటంతా తిరిగి, కొమ్మలు వంచి చూసి ధర చెబుతాడు. ఇద్దరూ పండిపోయిన వాళ్లే, అయినా అంకెలు వేరు. ఇంజన్ చెప్పేది కూడా అటువంటి ధరే. అది ఆటను చివరిదాకా లెక్కించి చెప్పిన ఫలితం కాదు, వీలైనంత దూరం వెళ్లి, అక్కడ ఆగి, అక్కడి నుంచి తోట ఎలా కాస్తుందో వేసిన అంచనా. తెరపై డెప్త్ 20, డెప్త్ 35 అని కనిపించేది ఆ దూరానికి కొలత. తెల్లవాడి ఎత్తు ఒకటి, నల్లవాడి ఎత్తు ఒకటి విడివిడిగా లెక్కపెడతారు కాబట్టి 20 అంటే ఇరుపక్షాలకు చెరి పది ఎత్తులు. మంచివనిపించిన దారుల్లో ఇంజన్ అంతకంటే దూరం వెళ్తుంది, పనికిరావనిపించిన దారులను మొదట్లోనే నరికేస్తుంది. మీ ఫోను కాసేపటికి వేడెక్కి నెమ్మదిస్తుంది, ల్యాప్‌టాప్ అదే సమయంలో ఎన్నో రెట్లు ఎక్కువ స్థితులను చూస్తుంది, ప్రసారం వాళ్లది ఇంకా పెద్ద యంత్రం కావచ్చు. పైగా మూడింటిలో ఉన్న ఇంజన్ వెర్షన్ ఒకటే అయి ఉండాలని లేదు. ఒకే యంత్రంలో ఒకే స్థితిని రెండుసార్లు పెట్టినా, ప్రాసెసర్‌లోని కోర్లన్నీ కలిసి వెతుకుతున్నప్పుడు జవాబు కొద్దిగా తేడాగా రావడం మామూలే. అందుకే +0.3కు, +0.8కు మధ్య తేడా చూసి కంగారు పడనక్కరలేదు. రెండు నిమిషాలు ఆగి, అంకె ఎటు కదులుతోందో చూడటం మేలు.

ఇక +1 అంటే ఒక బంటు అన్నది పాత లెక్క. ఇప్పుడు ఎక్కువమంది వాడే స్టాక్‌ఫిష్ అనే ఇంజన్, 2020 సెప్టెంబరులో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఉదాహరణల నుంచి నేర్చుకునే ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ సాయంతో స్థితిని అంచనా వేస్తోంది. ఆ పద్ధతిని మొదట జపాన్ చదరంగమైన షోగి కోసం యు నాసు 2018లో రూపొందించారు. 2022 డిసెంబరులో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి అంకెకు అర్థాన్ని కూడా మార్చారు: స్టాక్‌ఫిష్ తనతో తానే ఆడుకుంటే ఆ స్థితి నుంచి గెలవడానికి 50 శాతం అవకాశం ఉంటే దానిని +1.00 అంటారు. కాబట్టి ఆ అంకె డింగ్ గురించి గానీ, గుకేశ్ గురించి గానీ చెప్పినది కాదు. దాదాపు తప్పు చేయని ఇద్దరు కూర్చుంటే ఏమవుతుందన్నదే అక్కడి ప్రశ్న.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఒక తేడా మీకు నచ్చుతుంది. బోర్డు మీద రాజులతో కలిపి మొత్తం 7 పావులు, లేదా అంతకంటే తక్కువ మిగిలితే అది ఇక అంచనా కాదు, నిరూపణ. అటువంటి స్థితులన్నిటికీ ఫలితాలను చివరి నుంచి వెనక్కి లెక్కించి టేబుల్‌బేస్ అనే పట్టికల్లో పెట్టేశారు. సిజిజీ అనే పట్టికలు 7 పావుల వరకు 2018లో పూర్తయ్యాయి. 2021లో దుబాయ్‌లో కార్ల్‌సెన్, నెపోమ్నిషి ఆడిన ఆరో గేము 136 ఎత్తులు సాగింది, ప్రపంచ చాంపియన్‌షిప్ చరిత్రలో అంత పొడవైన గేము ఇంకొకటి లేదు. చివర్లో తెల్లవాడికి రాజు, ఏనుగు, గుర్రం, రెండు బంట్లు, నల్లవాడికి రాజు, మంత్రి మిగిలాయి. లెక్కపెట్టండి, సరిగ్గా ఏడు. ఆ ఆట డ్రా అని పట్టిక చెబుతూనే ఉంది. 130వ ఎత్తులో నెపోమ్నిషి మంత్రిని ఈ6కు జరిపారు, పట్టిక ఆ క్షణమే తీర్పు మార్చింది. ఆ మార్పును ఎవరూ ప్రశ్నించలేరు. కానీ ఏడు గంటలకు పైగా కూర్చుని అలసిన మనిషి ఎదురుగా పట్టిక ఉండదు.

రాజు నడుమకు దూకడానికి కారణం చాలా సాదా. పెద్ద పోటీల్లో ఎలక్ట్రానిక్ బోర్డులు వాడతారు, పావు కదిలితే ఆ ఎత్తు తీగ ద్వారా దానంతట అదే బయటికి వెళ్తుంది. ఆట ముగిశాక ఫలితం తెలియజేయడానికి రాజులిద్దరినీ నడిమి గడుల్లో నిలబెడతారు. తెల్లవాడు గెలిస్తే ఈ4, డి5 అనే తెల్ల గడుల్లో, నల్లవాడు గెలిస్తే డి4, ఈ5 అనే నల్ల గడుల్లో. అలా పెట్టేటప్పుడు ఒక్కోసారి బోర్డు దానిని కూడా ఎత్తుగా నమోదు చేసేస్తుంది. పాపం, ఇంజన్ దానిని నిజమనుకుని తిట్టిపోస్తుంది.

అన్నట్టు, లైవ్ అన్నదంతా లైవ్ కాదు. 2022లో సెయింట్ లూయిస్‌లో జరిగిన సింక్‌ఫీల్డ్ కప్ నుంచి కార్ల్‌సెన్ తప్పుకున్నాక, మోసం జరగకుండా ఎత్తులను 15 నిమిషాలు ఆలస్యంగా ప్రసారం చేశారు. మనం ఊపిరి బిగబట్టి చూసే ఎత్తుకు బదులు అక్కడ ఎప్పుడో పడి ఉండవచ్చు.

జవాబు: ఒంగోలు చెస్ సార్

కావలి మిత్రుడు యంత్రం సంగతి బాగా చెప్పారు. నేను ఒంగోలులో పిల్లలకు చెస్ నేర్పుతాను కాబట్టి మనవరాలి గురించి మాట్లాడతాను. మాస్టారూ, గేము నడుస్తున్నంతసేపు ఆ పట్టీని మూసేయండి. లిచెస్ వంటి చెస్ వెబ్‌సైట్లలో ఇంజన్‌ను ఒక్క నొక్కుతో ఆపేయవచ్చు. ప్రసారంలో పట్టీని ఆపే వీలు లేకపోతే తెర అంచున ఒక కాగితం అంటించండి; మా తరగతిలో నేను చేసేది అదే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వినండి. మా పిల్లల్లో పజిళ్లు చకచకా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అదే స్థితి తమ గేములో వస్తే, చూసి కూడా దాటిపోతారు. పజిల్ ఇచ్చినప్పుడు అందులో ఏదో ఉందని ముందే తెలుస్తుంది, గేములో ఆ మాట చెవిలో చెప్పేవారు ఉండరు. పట్టీ చేసే పని సరిగ్గా ఆ చెవిలో చెప్పడమే. మీ మనవరాలు కేక పెట్టినప్పుడు ఆమెకు తెలిసింది జవాబు కాదు, జవాబు ఒకటి ఉందని మాత్రమే. గుకేశ్ కుర్చీలో కూర్చున్నవాడికి ఆ మాత్రం కూడా అందదు. ఎవరూ చెప్పకుండా, ఎత్తు పడిన ప్రతిసారీ ఏదైనా మారిందా అని తనంతట తాను అడగాలి. ఆట చూసి నేర్చుకోవలసినదే అది, పట్టీ ఆ పనిని మన చేతిలోంచి లాగేసుకుంటుంది.

రెండో కారణం, కంప్యూటర్ గెలుపు అన్న ప్రతిదీ మనిషి గెలవగలిగినది కాదు. 2018లో లండన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం కార్ల్‌సెన్, కరువానా ఆడిన ఆరో గేములో కరువానావి నల్ల పావులు. 68వ ఎత్తులో శకటును హెచ్4కు జరిపితే ఆయనకు గెలుపు ఉందని నార్వేలో సెస్సె అనే పెద్ద కంప్యూటర్ కనిపెట్టింది. ఆ దారిలో ముందుకు వెళ్తే తన గుర్రాన్ని తానే జీ1 గడికి పంపి బందీ చేసుకోవాలి! కరువానా ఆ దారి చూడలేదు, 80 ఎత్తులకు ఆట డ్రా అయింది. అటువంటి ఎత్తు ఎవరైనా ఆడి ఉంటే మోసం చేశాడేమోనని వెంటనే మెటల్ డిటెక్టర్లు తెమ్మనేవారని మాజీ ప్రపంచ విజేత కాస్పరోవ్ చమత్కరించారు. ఆ రోజు పట్టీని మాత్రమే చూసినవారు కరువానా గెలుపు జారవిడిచాడని విచారించి ఉంటారు. గంటల తరబడి ఇబ్బందికరమైన స్థితిని కార్ల్‌సెన్ ఎలా కాపాడుకున్నాడన్నది ఆ గేములో అసలైన పాఠం, అది పట్టీలో ఎక్కడా కనబడదు.

ఆట అయిపోయాక ఇంజన్ తెరిచినప్పుడు కూడా ఒక్క దారి కాకుండా మూడు దారులు చూపించమని పెట్టుకోండి. మొదటి దారి +0.6, రెండోది +0.5, మూడోది +0.4 అయితే ఆటగాడు ఏది ఆడినా బతుకుతాడు. మొదటిది +0.6, రెండోది -2 అయితే అతడు తాడు మీద నడుస్తున్నాడన్నమాట. పట్టీలో ఈ రెండు స్థితులు ఒకేలా కనిపిస్తాయి, బోర్డు ముందు కూర్చున్నవాడికి మాత్రం నేలకు, తాడుకు ఉన్నంత తేడా. దానితోపాటు గడియారం చూడండి. సింగపూర్ పోటీలో మొదటి 40 ఎత్తులకు రెండు గంటలు, ఆ తరువాత మిగిలిన ఆటంతటికీ అరగంట, 41వ ఎత్తు నుంచి ఎత్తుకు 30 సెకన్లు అదనం. 35వ ఎత్తులో ఐదు నిమిషాలు మిగిలినవాడికి +0.0 కూడా కష్టమైన స్థితే కావచ్చు.

ఆరంభంలో వచ్చే అంకెలను అసలు పట్టించుకోకండి. అక్కడ ఇద్దరూ ఆడేది ఇంటి దగ్గర ఇంజన్లతో కూర్చుని తయారు చేసుకున్న ఎత్తులు. గుకేశ్ వెనుక అటువంటి తయారీ చేసిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు. తయారీ ఎక్కడ అయిపోయిందో కనిపెట్టడం తేలిక: అప్పటిదాకా టకటకా ఆడినవాడు ఒక్కసారిగా ఆగి, చేతులు తలకు పెట్టుకుని పదిహేను నిమిషాలు కదలడు. మీ పిల్లకు పని అక్కడే. బోర్డు మీద స్థితి పేర్చి, తను అయితే ఏమి ఆడుతుందో, ఎదుటివాడు ఏమి బదులిస్తాడో నోటుబుక్కులో రాయమనండి. కారణం ఒక వాక్యం తప్పనిసరి. దిద్దడం రాత్రికి.

అడగకపోయినా ఒక మాట. ఈ అలవాటు ముదిరి, పిల్లలు ఆన్‌లైన్‌లో ఆడుతుంటే పక్కన ఇంజన్ తెరిచి "గుర్రం కదుపు నాన్నా" అనే తల్లిదండ్రులను నేను చూశాను. అది సాయం కాదు, మోసం. టోర్నమెంటు హాలులో ఆటగాడి దగ్గర ఫోను దొరికితే గేము పోతుంది, ఆ సంగతి పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పడం మంచిది.

జవాబు: నెల్లూరు ట్రంకురోడ్డు

ఒంగోలు సార్ మాట పిల్లల వరకు ఒప్పుకుంటాను, అందరికీ వర్తింపజేస్తే మాత్రం ఒప్పుకోను. నాది ట్రంకురోడ్డులో ఫోను సామాన్ల అంగడి. ఆ పద్నాలుగో గేము రోజు కౌంటరు మీద ట్యాబ్ పెట్టి చూస్తుంటే, గుర్రం ఎలా నడుస్తుందో కూడా తెలియని నలుగురైదుగురు చుట్టూ చేరారు. నాలుగు గంటలు ఇద్దరు మనుషులు కదలకుండా కూర్చున్న ఆటను వాళ్లు చూడగలిగారంటే ఆ పట్టీ పుణ్యమే. క్రికెట్‌లో ఎన్ని బంతులకు ఎన్ని పరుగులు కావాలో తెర మీద వేయకపోతే ఛేజింగ్ ఎవరు చూస్తారు? చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లవాడు ప్రపంచ విజేత అవుతుంటే, ఆట రానివాళ్లకు కూడా ఆ క్షణం తెలియాలి కదా. నేర్చుకునేవారు కాగితం అంటించుకోండి. మా అంగడిలో మాత్రం పట్టీ ఉంటుంది.

ప్రశ్న వేసినవారు: కందుకూరు లెక్కల మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. అంచనాకు, నిరూపణకు తేడా చెప్పిన కావలి మిత్రుడి వివరణ నా మనసుకు పట్టింది. +1 గురించి ఇన్నాళ్లు మనవరాలికి తప్పు చెప్పాను, ఆ మాట దానితో ఒప్పుకున్నాను. నెల్లూరు మిత్రుడి వాదన కూడా న్యాయంగానే ఉంది. మా అబ్బాయి ఆ పట్టీ లేకపోతే చూడనని లేచి వెళ్లిపోయాడు.

ఒంగోలు సార్ చెప్పినట్టు గడచిన ఆదివారం తెర అంచున పాత క్యాలెండరు కాగితం అంటించి ఒక గేము చూశాము. పిల్ల 19 చోట్ల ఎత్తు రాసింది, ఆటగాడు ఆడినదానితో 7 చోట్ల కలిసింది. వాటిలో రెండింటికి తను రాసిన కారణం మాత్రం తప్పు. మార్కులు వేయాలా వద్దా అని నాకు పాత వృత్తి సందేహం వచ్చింది, చెరి సగం వేశాను. ఒక చోట తెల్లవాడు ఇరవై నిమిషాలకు పైగా ఆలోచించాడు. అక్కడ పిల్ల తన గుర్రాన్ని మొదలుపెట్టిన గడికే వెనక్కి పంపుతానని రాసింది. నేను నవ్వాను. ఆటగాడు కూడా అది ఆడలేదు. రాత్రి ఇంజన్ తెరిచి మూడు దారులు పెడితే ఆ ఎత్తు మొదట మూడింటిలోనూ లేదు. ఫోను అలాగే వదిలి అన్నాలు తిని వచ్చేసరికి అది రెండో వరుసలోకి ఎక్కింది, మొదటి దారికి దానికి తేడా 0.1 మాత్రమే. "తాతా, ఇంకొక గంట వదిలేద్దాం" అంది. ఛార్జింగ్ పెడదామంటే కరెంటు లేదు, కాసేపటికి ఫోను ఆరిపోయింది. ఆ గుర్రం సంగతి ఇంకా తేలలేదు. కావలి మిత్రుడు తన యంత్రంలో ఒక రాత్రి వదిలి చూస్తానంటే ఆ స్థితిని పంపిస్తాను.

జవాబు: కావలి ఇంజన్ పిచ్చోడు

తప్పకుండా పంపించండి మాస్టారూ, ఈ రాత్రికే పెడతాను. అయితే దానితోపాటు అమ్మాయి నోటుబుక్కులో రాసిన కారణం కూడా కావాలి. వెనక్కి వెళ్లిన ఆ గుర్రం అక్కడి నుంచి ఎక్కడికి బయలుదేరాలనుకుందో అంకె రాకముందే చదవాలని ఉంది.